సీజన్ ముగిశాక జట్టును తూకం వేస్తే: అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్ గురించి నా అనుభవం

మా జట్టు ఈసారి 74 మ్యాచ్‌లు గెలిచి 88 ఓడింది. ఐదు జట్ల డివిజన్‌లో నాలుగో స్థానం. చివరి మ్యాచ్ ఫలితం వచ్చిన రోజు మిర్యాలగూడలో మా మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. కాంటా చీటీలు పుస్తకంలో ఎక్కిస్తూ మధ్యలో ఫోన్‌లో స్కోరు చూశాను. ఓడాం. డల్లాస్‌లో ఉండే మా చిన్నాయన కొడుకు వెంటనే వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు: "పోనీ అన్నా. అసలు పని ఇగ ఇప్పుడే షురూ."

ఆ అసలు పని గురించే ఈ సమీక్ష. ఆట పేరు అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్. కంప్యూటర్‌లో ఆడేది. మార్కస్ హైన్సోన్ అనే జర్మన్ ప్రోగ్రామర్ 1999లో మొదటి వెర్షన్ తెచ్చాడు, ఇప్పుడు ఏటా మార్చి ప్రాంతంలో కొత్తది వస్తుంది. ఇందులో మనం బ్యాట్ పట్టుకోం, బంతి వేయం. జట్టును నడిపే జనరల్ మేనేజర్ మనమే. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదలాలి, ఎవరికి ఎంత జీతం ఇవ్వాలి, ఎవరిని ఏ స్థానంలో నిలబెట్టాలి అన్నది మన నిర్ణయం. మ్యాచ్‌లు కంప్యూటర్ లెక్కగట్టి ఆడిస్తుంది. ఒంటరిగా ఆడుకోవచ్చు. మేం ఆడేది ఆన్‌లైన్ లీగ్: 30 జట్లు, 30 మంది మేనేజర్లు, ఆటగాళ్లంతా కల్పిత పేర్లవాళ్లు. లీగ్ ఫైల్ దింపుకొని, మార్పులు చేసి, గడువులోపల తిరిగి పంపాలి. దాన్ని ఎక్స్‌పోర్ట్ అంటారు. ఆ తర్వాత లీగ్‌ను చూసుకునే కమిషనర్ ఒక వారం ఆటను నడిపిస్తాడు. మాకు రెండు రోజులంటే ఆటలో వారం.

2020 లాక్‌డౌన్‌లో ఆ డల్లాస్ తమ్ముడే నన్ను ఇందులోకి లాగాడు. అప్పటికి బేస్‌బాల్ గురించి నాకు తెలిసింది శూన్యం. బౌలర్ లాంటివాడు పిచర్, వికెట్ కీపర్ లాంటివాడు క్యాచర్ అని మొదలుపెట్టి నేర్చుకున్నాను. క్రికెట్ చూసి పెరిగినవాళ్లకు ఆ మాత్రం చాలు, మిగతాది ఒక సీజన్ ఆడితే వచ్చేస్తుంది.

నా దృష్టిలో ఈ ఆట విలువ మొత్తం ఆఫ్‌సీజన్‌లోనే ఉంది. సీజన్ నడుస్తున్నప్పుడు గాయాలు, గెలుపోటముల టెన్షన్‌లో మన జట్టు మనకు సరిగ్గా కనిపించదు. అన్నీ ఆగిపోయాక, జట్టు జాబితాలోని 40 మంది పేర్లు ముందు పెట్టుకొని కూర్చుంటే అప్పుడు కనిపిస్తుంది. మిల్లులో రోజూ చేసే పనే ఇది. రైతు తెచ్చిన రాశి పైపైన చూస్తే బంగారంలా ఉంటుంది. బస్తాలో గొట్టం గుచ్చి గింజలు తీసి, తేమ చూసే మిషన్‌లో పోస్తే 22 చూపిస్తుంది. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం దాటకూడదు. అంటే ఆ బరువులో కొంత నీళ్లది. మా జట్టు 74 గెలుపుల్లో కూడా ఎంత గింజ, ఎంత నీళ్లు, ఎంత తాలు అని ముందు తేల్చుకోవాలి.

దానికి బిల్ జేమ్స్ చెప్పిన లెక్క ఒకటి ఉంది. ఆయన కాన్సస్ రాష్ట్రంలో ఒక డబ్బా ఆహారం తయారుచేసే కర్మాగారంలో రాత్రి కాపలా ఉద్యోగం చేస్తూ బేస్‌బాల్ అంకెల మీద రాసినవాడు. రాత్రి డ్యూటీలో కూర్చుని అంకెలు వేసుకున్న మనిషి కావడం వల్లనేమో, ఆయనంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఆయన లెక్క చిన్నది. జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గమూ ఇచ్చిన పరుగుల వర్గమూ కలిపిన మొత్తంతో భాగిస్తే, ఆ జట్టు ఎన్ని గెలవాల్సిందో దాదాపుగా తెలుస్తుంది. మేం 702 పరుగులు చేశాం, 718 ఇచ్చాం. లెక్క వేస్తే 0.489. 162 మ్యాచ్‌లకు అది 79 గెలుపులు. మాకొచ్చినవి 74. ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్‌లు చూస్తే 18 గెలిచి 29 ఓడాం. ఆ ఐదు మ్యాచ్‌లు అక్కడే పోయాయి. అలాంటివి ఎక్కువగా అదృష్టం మీద నడుస్తాయి, మరుసటి ఏడు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి జట్టును మొత్తం కూల్చి కట్టాల్సిన పనిలేదు. నాలుగో స్థానం చూసి భయపడి ఉంటే నేను ఆ తప్పే చేసేవాణ్ణి.

ఇప్పుడు పిచర్ల దగ్గరికి వస్తాను. నా ఆఫ్‌సీజన్‌లో సగం రోజులు ఒకే మనిషి మీద గడిచాయి. 31 ఏళ్ల కుడిచేతి స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్), ఐదేళ్లుగా మా జట్టులో ఉన్నాడు, కాంట్రాక్ట్ అయిపోయింది. నేను జట్టు తీసుకున్నాక చేసిన మొదటి ట్రేడ్‌లో వచ్చినవాడు. ఈసారి 180 ఇన్నింగ్స్ వేశాడు (బేస్‌బాల్‌లో ఒక మ్యాచ్‌కు జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్), ఈఆర్‌ఏ 3.35. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి పోను సగటున 3.35 పరుగులు ఇచ్చాడన్నమాట. చాలా మంచి అంకె. మూడేళ్లు కావాలి, ఏడాదికి ఒక కోటీ 40 లక్షల డాలర్లు కావాలి అన్నాడు. నా మనసు ఇచ్చేయమంది.

తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, ముందు ఫిప్ చూడు. ఊకె ఈఆర్‌ఏ పట్టుకొని కూసుంటవా?" అన్నాడు.

ఫిప్ అంటే ఫీల్డర్ల సాయం తీసేసి పిచర్ సొంత పనిని మాత్రమే లెక్కించేది. హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వేసి బ్యాటర్‌కు మొదటి బేస్ ఊరికే ఇవ్వడం), శరీరానికి తగిలిన బంతులు, స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం): ఈ నాలుగే పిచర్ చేతిలో ఉన్నవని దాని భావన. హోమ్ రన్లను 13తో, వాక్‌లూ తగిలిన బంతులూ కలిపి 3తో హెచ్చించి కూడి, అందులోంచి స్ట్రైకౌట్ల రెట్టింపు తీసేసి, ఇన్నింగ్స్‌తో భాగించి, చివర 3.10 ప్రాంతంలో ఉండే ఒక స్థిరాంకం కలపాలి. ఆట ఈ అంకెను తనే చూపిస్తుంది. నేను మాత్రం ఒక్కసారి చిట్టా పుస్తకం వెనక పేజీలో చేత్తో వేసుకుంటే తప్ప నమ్మను. 22 హోమ్ రన్లకు 286. 61 వాక్‌లు, 6 తగిలినవి కలిపి 67కు 201. మొత్తం 487. స్ట్రైకౌట్లు 118, వాటికి 236 తీసేస్తే 251. దాన్ని 180తో భాగిస్తే 1.39. దానికి 3.10 కలిపితే 4.49.

3.35 ఎక్కడ, 4.49 ఎక్కడ. ఆ పేజీ వంక చాలాసేపు చూశాను. తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే మా షార్ట్‌స్టాప్, సెంటర్ ఫీల్డర్ నుంచి వచ్చింది. వాళ్లిద్దరూ లీగ్‌లోనే మంచి ఫీల్డర్లు. బ్యాటర్లు ఆడిన బంతుల్లో హిట్లుగా మారినవి, అంటే ఫీల్డర్లకు చిక్కనివి, మామూలుగా నూటికి ముప్ఫై ప్రాంతంలో ఉంటాయి, ఈయనకు ఇరవై ఐదున్నర. మా ఫీల్డర్ల కష్టం ఈయన ఖాతాలో జమ అయింది. మూడేళ్ల కాంట్రాక్ట్ ఇస్తే 34 ఏళ్ల వరకు ఆయన జీతం మా మీద ఉంటుంది, స్టఫ్ రేటింగ్ (బంతిలోని పదును) ఇప్పటికే రెండేళ్లలో 55 నుంచి 45కి దిగింది. వదిలేశాను. ఐదేళ్లు మన జట్టు జెర్సీలో చూసిన పేరు వేరే జట్టు జాబితాలో కనిపించినప్పుడు బాధేసింది. కల్పిత ఆటగాడే, నాకు తెలుసు. అయినా బాధేసింది.

ఈ 55, 45 అంకెల గురించి కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. నిజమైన బేస్‌బాల్ స్కౌట్లు వాడే 20 నుంచి 80 వరకు ఉండే కొలత ఇది. 50 అంటే సగటు. ఒక్కో ఆటగాడికి ఇప్పటి శక్తి ఒక అంకె, ముందు ముందు ఎంతవరకు ఎదగగలడన్నది ఇంకో అంకె. వీటిపైన స్టార్లు కూడా ఉంటాయి, అరస్టారు నుంచి ఐదు దాకా. మొదటి సంవత్సరం నేను స్టార్లు చూసి కొన్నాను. నాలుగు స్టార్లున్న ఒకతన్ని తెచ్చి లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబెట్టాను. ఆ నాలుగు స్టార్లు ఫస్ట్ బేస్‌లో ఆడితేనే. లెఫ్ట్ ఫీల్డ్‌లో అతనికి బంతి వెనక పరుగెత్తే వేగమే లేదు. అప్పటినుంచి స్టార్ల కాలమ్ తీసేసి, విడివిడి రేటింగులు మాత్రమే కనిపించేలా జాబితాను మార్చుకున్నాను. ఈ ఆటలో అలా మనకు కావలసిన కాలమ్‌లు పెట్టుకునే వీలుంది, మిల్లు లెక్కలు రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి.

ఇంకో సంగతి: మనకు కనిపించే రేటింగులు మన స్కౌట్ అంచనా మాత్రమే. ఇంకో జట్టు స్కౌట్‌కు అదే కుర్రాడు వేరుగా కనిపించవచ్చు. ఈ అనిశ్చితి నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చుతుంది. ఎదిగే అవకాశం 70 అని రాసి ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు, నాట్లు వేసిన పొలం లాంటివాడు. ఇంత దిగుబడి వస్తుందని అప్పుడే రాసుకోలేం.

ఔట్‌ఫీల్డ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ముగ్గురూ 28 లోపువాళ్లు, ముగ్గురికీ ఇంకా జట్టుతో ఏళ్లు మిగిలి ఉన్నాయి. కదిలించలేదు.

క్యాచర్‌కు 33 ఏళ్లు, ఇంకో ఏడాది కాంట్రాక్ట్ ఉంది. పనికొస్తాడు. అతని వెనక ఉన్నవాడిదే సమస్య. ఆప్షన్లు అయిపోయాయి. జట్టు 40 మంది జాబితాలో ఉన్న ఆటగాణ్ణి మామూలుగా మూడు సంవత్సరాలు మాత్రమే అభ్యంతరం లేకుండా మైనర్ లీగ్‌కు, అంటే కింది స్థాయి జట్టుకు, పంపి తెచ్చుకోవచ్చు. ఆ మూడూ వాడేసుకుంటే, తర్వాత కిందికి పంపాలంటే ముందు వేరే జట్లకు అవకాశం ఇవ్వాలి. అంటే ఇతను 26 మంది ప్రధాన జట్టులో ఉండాలి, లేదా చేజారతాడు. ఇలాంటివి స్టార్లలో కనపడవు, కాంట్రాక్ట్ పేజీలో కిందికి వెళ్లి చూడాలి. నేను ఉంచుకున్నాను. గత మార్చిలో నా తప్పు వల్ల ఒక బ్యాకప్ క్యాచర్‌ను పోగొట్టుకున్నాను, మళ్లీ ఆ పని చేయలేను.

ఆ తప్పు ఏమిటో చెప్తే మనవాళ్లకు ఉపయోగం. మా లీగ్ గడువు డల్లాస్ టైమ్ ప్రకారం రాత్రి తొమ్మిది. చలికాలంలో అది మనకు మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. అమెరికాలో మార్చిలో గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుతారు, అప్పటినుంచి మన ఏడున్నర. నవంబర్‌లో మళ్లీ వెనక్కి. ఆ సంగతి నేను మర్చిపోయి, ఎనిమిదికి తాపీగా కూర్చుని ఫైల్ పంపాను. అప్పటికి ఆటలో వారం నడిచిపోయింది, ఆ క్యాచర్ వేరే జట్టు పాలయ్యాడు. ఇక్కడి నుంచి లీగ్‌లో చేరేవాళ్లు ఆ రెండు తేదీలూ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

ఇక నేను కనిపెట్టిన అసలు సంగతి. తమ్ముడిది ఒకటే పాట: "మంచి పిచర్‌ను కొను అన్నా, డబ్బులు మిగిలినయి కదా." నాకూ అదే అనిపించింది. యాసంగి ఖాతాలు సర్దినట్టు ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం కూర్చుని, ఓడిన మ్యాచ్‌లను విడగొట్టి చూశాను. ఎదుటి జట్టు కుడిచేతి పిచర్‌తో మొదలుపెట్టిన మ్యాచ్‌లు 114. అందులో 57 గెలిచి 57 ఓడాం. ఎడమచేతి పిచర్‌తో మొదలుపెట్టినవి 48. అందులో 17 గెలిచి 31 ఓడాం. మా తొమ్మిది మంది బ్యాటర్లలో ఆరుగురు ఎడమచేతివాళ్లు. ఎడమచేతి బ్యాటర్‌కు ఎడమచేతి పిచర్ బంతి ఆడడం కష్టమని బేస్‌బాల్‌లో ఎవరినడిగినా చెప్తారు. మా డివిజన్‌లో జట్లు మా మీదికి కావాలని ఎడమచేతివాళ్లను దింపుతున్నాయి. ఎదుట ఉన్నవి కంప్యూటర్లు అయితే కాకతాళీయం అనుకునేవాణ్ణి. ఎదుట ఉన్నది మనుషులు. వాళ్లు మా జట్టును నాకంటే ముందే చదివేశారు.

కాబట్టి మాకు కావలసింది పెద్ద పిచర్ కాదని తేలిపోయింది. ఎడమచేతి పిచింగ్‌ను బాదే ఇద్దరు కుడిచేతి బ్యాటర్లు కావాలి, వాళ్లు ఖరీదైనవాళ్లు కానక్కర్లేదు. రేటింగుల పేజీలో ఎడమచేతివాళ్ల మీద ఎంత, కుడిచేతివాళ్ల మీద ఎంత అని విడిగా చూపిస్తారు. ఫ్రీ ఏజెంట్ల (ఏ జట్టుతోనూ కాంట్రాక్ట్ లేనివాళ్ల) జాబితాను ఆ ఒక్క కాలమ్ ప్రకారం వరుస పెడితే, మొత్తం మీద ఎవరూ పట్టించుకోని 32 ఏళ్ల ఫస్ట్ బేస్‌మన్ పైకి వచ్చాడు. ఎడమచేతివాళ్ల మీద పవర్ 60. ఒక్క ఏడాదికి 20 లక్షల డాలర్లు. సంతకం పెట్టించాను. తమ్ముడికి చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మంచిగ చూసినవన్నా" అన్నాడు. ఆ మాట నాకు చాలు.

ఆట లోపాల గురించి కూడా చెప్పాలి. స్క్రీన్లు మరీ ఎక్కువ. ఒక పేజీలోంచి ఇంకో పేజీకి, అక్కడినుంచి ఇంకో పేజీకి వెళ్తూ మనం దేనికోసం వచ్చామో మర్చిపోతాం. అక్షరాలు చిన్నవి, నలభై దాటిన నాకు కళ్లద్దాలు లేకుండా కుదరదు. నియమాలు ముందే తెలిసినవాళ్ల కోసం తయారైనట్టుంటుంది, తెలుగులో లేదు, వచ్చే సూచన కూడా లేదు. తమ్ముడు లాంటి ఒక మనిషి పక్కన లేకపోతే నేను మొదటి నెలలోనే వదిలేసేవాణ్ణి. బంతి ఎగరడం, స్టేడియం బొమ్మలు చూసి సంబరపడాలనుకునేవాళ్లు కొనొద్దు, ఇది చదివే ఆట. కానీ ఐపీఎల్ వేలం రోజు మ్యాచ్ కంటే ఎక్కువ ఆసక్తిగా చూసేవాళ్లు, ఏ ఫ్రాంచైజీ ఎవరిని ఎందుకు వదిలిందని రాత్రంతా వాదించేవాళ్లు మన నల్లగొండ జిల్లాలో చాలామంది ఉన్నారు. ఐపీఎల్‌లో జట్టుకు 25 మందే. ఇక్కడ మైనర్ లీగ్‌తో కలిపి వందకు పైగా ఆటగాళ్ల భవిష్యత్తు మీ చేతిలో. వాళ్లు కొనాలి. ఖరీదైన లాప్‌టాప్ అక్కర్లేదు, నాది మిల్లు పనికి కొన్న మామూలుదే, నడుస్తోంది. లీగ్ ఫైల్ మాత్రం పెద్దది, ఫోన్ డేటా మీద ఆధారపడొద్దు. కొత్త వెర్షన్ రాగానే ఎగబడకండి, కొన్ని నెలలు ఆగితే ధర తగ్గిస్తారు.

మిగిలింది థర్డ్ బేస్. అక్కడ ఆడిన 35 ఏళ్లాయన రిటైర్ అయ్యాడు. మా మైనర్ లీగ్‌లో ఆ స్థానానికి ఒక కుర్రాడున్నాడు కానీ ఇంకా రెండేళ్లు పడుతుంది. డబ్బు పెట్టి కొనడానికి ఫ్రీ ఏజెంట్లలో సరైనవాడు లేడు. అందుకని రూల్ 5 డ్రాఫ్ట్ మీద కన్నేశాను. పద్దెనిమిదేళ్లకో అంతకు ముందో సంతకం పెట్టినవాణ్ణి ఐదేళ్లలోపు, పంతొమ్మిదేళ్లకో ఆ తర్వాతో పెట్టినవాణ్ణి నాలుగేళ్లలోపు జట్టు తన 40 మంది జాబితాలోకి తీసుకోకపోతే, ఈ డ్రాఫ్ట్‌లో వేరే జట్టు లక్ష డాలర్లు కట్టి తీసుకుపోవచ్చు. షరతు ఒకటే: తీసుకున్న జట్టు అతన్ని సీజనంతా ప్రధాన జట్టులో ఉంచాలి. వేరే ఊళ్లో చోటు దొరకని పిల్లవాడికి మన ఇంట్లో చోటిచ్చినట్టు. నిజమైన బేస్‌బాల్‌లో ఈ డ్రాఫ్ట్ ఏటా డిసెంబర్‌లో జరుగుతుంది, మా లీగ్‌లోనూ ఆట క్యాలెండర్ ప్రకారం అప్పుడే.

దానికోసం నా జాబితాలో ఒక ఖాళీ ఉండాలి. అదే సమయంలో నా ఇద్దరు కుర్రాళ్లను కూడా కాపాడుకోవాలి, ఒకడు ఎడమచేతి రిలీవర్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్), ఇంకొకడు క్యాచర్. రిలీవర్‌ను జాబితాలోకి ఎక్కించాను. క్యాచర్‌కు 21 ఏళ్లు, బ్యాటింగ్ ఇంకా రాలేదు, అతన్ని తీసుకుపోయిన జట్టు ఏడాదంతా ప్రధాన జట్టులో కూర్చోబెట్టాలి, ఆ పని ఎవరూ చేయరని లెక్కేసుకుని బయట వదిలాను. రెండు రాత్రులు దీని మీదే పోయాయి. తప్పయితే పెద్ద తప్పే అవుతుంది.

నిన్న ఉదయం ఎనిమిదీ ఐదుకు ఎక్స్‌పోర్ట్ పంపి మిల్లుకు వెళ్లాను. జాబితాలో 39 పేర్లు. డ్రాఫ్ట్‌లో మాకంటే ముందు ఎనిమిది జట్లున్నాయి. నేను చూసి పెట్టుకున్న థర్డ్ బేస్‌మన్‌కు 24 ఏళ్లు, కుడిచేతివాడు, ఎడమచేతివాళ్ల మీద కాంటాక్ట్ (బంతిని బ్యాట్‌కు తగిలించే నేర్పు) 55. ఆ ఎనిమిది జట్లలో రెండింటికి థర్డ్ బేస్‌మన్ అవసరం ఉంది. ఫలితం రేపు పొద్దున వస్తుంది.